క్లార్క్‌కు నేను చేసిన అన్యాయం

నేను ఒక సినిమాను చూడకుండా తిట్టాను. చాలా ఏళ్ళ తర్వాత అదే సినిమాను సరిగ్గా చూడకుండా పొగిడాను. రెండూ అచ్చయ్యాయి. రెండింటి కిందా నా పేరుంది. మొదటిది కుర్రతనపు తప్పు అని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. రెండోదానికి ఆ సాకు లేదు. అప్పటికి నాకు వయసొచ్చింది, సినిమాల గురించి తెలిసినవాడినని నలుగురిలో కాస్త పేరూ వచ్చింది. ఆ పేరును నమ్మి చదివినవాళ్ళకు నేను అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలియకుండానే చెప్పాను, అయినా అది అబద్ధమే.

సినిమా పేరు 'ది థింగ్'. జాన్ కార్పెంటర్ దర్శకుడు. అమెరికాలో 1982 జూన్ 25న విడుదలైంది. అంటార్కిటికాలోని ఒక అమెరికన్ పరిశోధనా కేంద్రంలో పన్నెండు మంది మగవాళ్ళు ఉంటారు. చలికాలం ముంచుకొస్తున్న వేళ ఒక నార్వే హెలికాప్టర్, మంచు మీద పరిగెడుతున్న కుక్కను తుపాకీతో తరుముతూ అక్కడికి వస్తుంది. అందులోంచి దిగినవాడు ఏదో అరుస్తూ కాలుస్తుంటాడు. వాడి భాష వీళ్ళకు రాదు. పిచ్చెక్కిందనుకుని కేంద్రం అధికారి గ్యారీ వాణ్ణి కాల్చి చంపుతాడు. కుక్కను లోపలికి రానిస్తారు. అది కుక్క కాదు. లక్ష ఏళ్ళ నాటి మంచులోంచి బయటపడిన, వేరే లోకపు ప్రాణి. ఏ ప్రాణిని తాకితే దాన్ని కణం కణంగా మింగి, అచ్చం దానిలాగే తయారవుతుంది. ఆ నార్వే మనిషి అరిచింది సరిగ్గా ఈ హెచ్చరికే. నార్వే భాష వచ్చిన ప్రేక్షకుడికి కథ గుట్టు మొదటి నిమిషాల్లోనే తెలిసిపోతుంది, మిగతా లోకమంతా ఆ పన్నెండు మందిలాగే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది.

ఇక కేంద్రంలో ఎవరు మనిషో ఎవరు కాదో ఎవరికీ తెలియదు. కథంతా అంతే.

ఈ కథ నాకు సినిమా చూసి తెలియలేదు. మా ఊళ్ళో ఫిల్మ్ సొసైటీ ఉన్న రోజులవి. సైక్లోస్టైల్ చేసిన చిన్న బులెటిన్ వేసేవాళ్ళం, అందులో విదేశీ సినిమాల గురించి రాసే పని నాది. గ్రంథాలయానికొచ్చే పాత అమెరికన్ పత్రికలే నా చదువు. వాటిలో ఈ సినిమాకు పడిన చీవాట్లు చదివాను. న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ క్యాన్బీ దాన్ని తెలివితక్కువ సినిమా, దిగులు పుట్టించే సినిమా అని తీసిపారేశాడు. రోజర్ ఈబర్ట్ పాత్రల్లో పస లేదన్నాడు, జుగుప్స తప్ప మిగిలిందేమీ లేదన్నట్టు రాశాడు. సైన్స్ ఫిక్షన్‌ను నెత్తిన పెట్టుకునే పత్రికలు కూడా దయ చూపలేదు. లోకంలో ఇంతకంటే ఎక్కువమంది అసహ్యించుకున్న సినిమా ఇంకోటుందా అని ఒక పత్రిక ఏకంగా ముఖచిత్రం మీదే అడిగింది. 1951లో ఇదే కథతో వచ్చిన 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' దర్శకుడు క్రిస్టియన్ నైబీ కూడా బహిరంగంగా నిందించాడు. ఇంతమంది పెద్దలు ఒక్క మాట మీద ఉంటే నాకు ధైర్యమొచ్చింది. నలుగురితో నారాయణ అన్నాను. రక్తమాంసాల ప్రదర్శనకు దిగజారిన హాలీవుడ్‌కు ఈ చిత్రమే నిదర్శనమని రాశాను. ఒక్క ఫ్రేము కూడా చూడని సినిమా గురించి, ఫ్రేముల కూర్పు బాగాలేదని కూడా రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

దాని ఫలితం నా ఒక్కడితో పోలేదు. కొన్నాళ్ళకు సొసైటీలో చేరిన ఒక డిగ్రీ విద్యార్థి ఈ సినిమా క్యాసెట్ దొరికిందని, వీసీఆర్ మీద అందరం కలిసి చూద్దామని కమిటీ ముందుకు వచ్చాడు. "ఆ చెత్త మనకెందుకోయ్" అన్నాను. "సార్, మీరు చూశారా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. చూశానని చెప్పలేదు, చూడలేదనీ చెప్పలేదు. "అన్నీ చూసే తెలుసుకోవాలా?" అన్నాను. కమిటీలో పెద్దవాణ్ణి నేనే కాబట్టి నా మాటే చెల్లింది. ఆ అబ్బాయి తర్వాత రెండు ప్రదర్శనలకు వచ్చి మానేశాడు. ఎక్కడున్నాడో తెలియదు. మూర్ఖత్వం మన గదిలో మనం దాచుకుంటే అది మన బాధ. పదవిలో కూర్చుని ఇంకొకరి కళ్ళకు అడ్డం పెడితే అది పాపం.

నేను బులెటిన్‌లో రాసింది ఎవరికీ పెద్ద నష్టం చేసి ఉండదు. అమెరికాలో పడిన దెబ్బ మాత్రం చిన్నది కాదు. సుమారు 1.5 కోట్ల డాలర్లతో తీసిన సినిమా, అక్కడి థియేటర్లలో 2 కోట్ల లోపే వసూలు చేసింది. ప్రకటనల ఖర్చు, థియేటర్ల వాటా పోతే అది ఓటమే. రెండు వారాల ముందు, జూన్ 11న, అదే యూనివర్సల్ సంస్థ స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.'ని విడుదల చేసింది. ఆకాశం నుంచి వచ్చినవాడు పిల్లవాడితో స్నేహం చేసి కంటతడి పెట్టించి వెళ్ళాడు. దేశమంతా ఆ కన్నీళ్ళలో ఉన్నప్పుడు, ఆకాశం నుంచి వచ్చినదాన్ని పక్కింటివాడి చర్మంలో దాచి చూపించాడు కార్పెంటర్. అదే జూన్ 25న రిడ్లీ స్కాట్ 'బ్లేడ్ రన్నర్' కూడా విడుదలై అదే తీరున చతికిలపడింది, దాని కథ వేరే. కార్పెంటర్ చేతిలో ఉన్న 'ఫైర్‌స్టార్టర్' సినిమా అవకాశం పోయింది. తన ఓటముల్లో తనను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదేనని ఆయన తర్వాత పలుమార్లు చెప్పుకున్నాడు. 1978లో 'హాలోవీన్' తీసినప్పుడు, అందులో పిల్లలు టీవీలో చూసే సినిమాల్లో ఆ 1951 నాటి పాత 'థింగ్' ఒకటి. అంత ఇష్టంతో పెంచుకున్న కథ ఇది. ఆ మనిషిని పాత సినిమాను అవమానించినవాడిగా జమకట్టారు.

నిజానికి ఆయన ఇంకా వెనక్కి, మూలకథకు వెళ్ళాడు. జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938లో డాన్ ఎ. స్టూవర్ట్ అనే మారుపేరుతో రాసిన 'హూ గోస్ దేర్?' అది. ఎవరినైనా అనుకరించగల ప్రాణి, రక్తపరీక్ష, ఒకరినొకరు నమ్మలేని మనుషులు అన్నీ అందులోనే ఉన్నాయి. 1951 సినిమా ఆ అనుకరణనే వదిలేసి, ఒక పొడుగాటి రాక్షసుణ్ణి పెట్టుకుంది. అక్కడ మనుషులు జోకులేసుకుంటూ, ఒక్కటై వాణ్ణి గెలుస్తారు. 1982లో స్క్రీన్‌ప్లే రచయిత బిల్ లాంకాస్టర్, కార్పెంటర్ కలిసి ఆ ఐకమత్యాన్నే తీసేశారు. అందుకే పాత సినిమాను ప్రేమించినవాళ్ళకు కడుపు మండింది.

చివరికి ఎప్పుడో డీవీడీలు వచ్చాక నేను దాన్ని చూశాను. చూసి, నా పాత అభిప్రాయమే సరైనదని సంతోషించాను. ఇది కూడా చెప్పాలి. కుక్కల దొడ్డిలో ఆ కుక్క ముఖం పువ్వులా విచ్చుకుని లోపలి కండ బయటపడేసరికి నాకు కడుపులో తిప్పింది. పన్నెండు మందిలో ఒకడైన నోరిస్ గుండె ఆగినప్పుడు డాక్టర్ కాపర్ ఛాతీ మీద షాక్ ఇస్తాడు, ఛాతీ నోరులా తెరుచుకుని ఆయన రెండు చేతులూ కొరికేస్తుంది. ఆ తర్వాత నోరిస్ తల మెడ నుంచి తనంతట తానే సాగి, తెగి, కింద పడి, సాలీడు కాళ్ళు మొలిపించుకుని పాకుతూ పోతుంది. నేను చూసింది ఇంతే. అంటే నా కళ్ళు చూసింది ఇంతే. ఆ రెండు మూడు సన్నివేశాలకు మధ్య ఉన్న గంటన్నర నేను కళ్ళు తెరుచుకునే పోగొట్టుకున్నాను.

ఆ జుగుప్స వెనక ఎంత పని ఉందో తెలుసుకునే ఓపిక కూడా అప్పుడు లేదు. రాబ్ బాటిన్ అనే కుర్రాడు, ఇరవై రెండేళ్ళకు ఆ పని నెత్తికెత్తుకుని, ఏడాదికి పైగా సెలవనేది లేకుండా, స్టూడియోలోనే పడుకుంటూ చేశాడు. కంప్యూటర్ బొమ్మల సాయం లేదు. రబ్బరు, ఫోమ్, జెల్లీ, కనబడకుండా లాగే తీగలు, కింద నుంచి కదిలించే చేతులు. కుక్కల దొడ్డి సన్నివేశపు బొమ్మను స్టాన్ విన్‌స్టన్ బృందం అందుకుంది, ఎందుకంటే బాటిన్ అప్పటికే మోయలేనంత మోస్తున్నాడు. కాపర్ చేతులు తెగే షాట్‌కు నిజంగానే రెండు చేతులూ లేని ఒక మనిషిని తెచ్చి, మైనపు ఎముకలున్న జెలటిన్ చేతులు తగిలించారు. షూటింగ్ అయ్యేసరికి బాటిన్ అలసటతో ఆసుపత్రి పాలయ్యాడు. తెర మీద నిజంగా అక్కడ ఉన్న వస్తువు అది, నటుడి ఎదురుగా తడిగా, బరువుగా ఉంది. 2011లో ఇదే పేరుతో నార్వే కేంద్రం కథ తీసినప్పుడు, చేత్తో చేసిన బొమ్మల మీద చాలాచోట్ల కంప్యూటర్ చిత్రాలు కప్పేశారు. అది చూశాక బాటిన్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను డీవీడీ చూసేనాటికే గాలి మారింది. గొప్ప భయానక చిత్రాల జాబితాల్లో ఇది పైకి ఎక్కుతోంది. తన 'రిజర్వాయర్ డాగ్స్' మీద దీని ప్రభావం ఉందని క్వెంటిన్ టారంటినో చెప్పాడు. గిల్లెర్మో డెల్ టోరో లాంటివాళ్ళు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఎన్నియో మోరికోన్ సంగీతానికి ఆనాడు అధ్వాన్న సంగీతం కింద రాజీ అవార్డు నామినేషన్ ఇచ్చి వెక్కిరించారు. ఆ సినిమాకు చేసి వాడకుండా మిగిలిపోయిన బాణీలను టారంటినో 'ది హేట్‌ఫుల్ ఎయిట్'లో వాడుకున్నాడు, ఆ చిత్ర సంగీతానికి 2016లో మోరికోన్ ఆస్కార్ అందుకున్నాడు. ఈ మార్పు నడుమ ఒక పత్రిక నన్ను వ్యాసం అడిగింది. నేను గాలివాటునే పోయాను. ఆనాటి విమర్శకులు గుడ్డివాళ్ళని, కాలమే న్యాయం చేసిందని, కాలం కంటే ముందు పుట్టిన కళాఖండమని రాశాను. పాత బులెటిన్ సంగతి ఎక్కడా చెప్పలేదు. సినిమాను మళ్ళీ చూడలేదు కూడా. జ్ఞాపకంలోంచి కథ రాస్తూ, రక్తపరీక్ష దగ్గర, కుక్కల్ని చూసుకునే క్లార్క్ ఆ ప్రాణిగా బయటపడతాడని రాశాను.

పత్రికకు ఒక ఉత్తరం వచ్చింది. పాఠకురాలు ఎవరో కాలేజీ అమ్మాయి. నాలుగు వాక్యాలు. క్లార్క్ మనిషే కదా సార్, చచ్చిపోయాక పరీక్షలో తేలుతుంది కదా, మీరు కూడా అతన్ని అనుమానించేశారా అని అడిగింది.

ఆ రాత్రే మళ్ళీ పెట్టుకుని చూశాను.

కర్ట్ రస్సెల్ వేసిన మక్‌రెడీ అందర్నీ తాళ్ళతో కట్టించి, ఒక్కొక్కరి రక్తం చిన్న గాజు గిన్నెల్లో పోసి, కాల్చిన తీగ ముంచి చూసే సన్నివేశం అది. ఆ ప్రాణిలో ప్రతి ముక్కా వేరే ప్రాణే, వేడి తగిలితే రక్తపు చుక్క కూడా తన ప్రాణం కాపాడుకోవడానికి ఎగిరి పడుతుందని అతని లెక్క. పరీక్షకు ముందే క్లార్క్ కత్తితో అతని మీదికి వస్తాడు, మక్‌రెడీ నుదుటి మీద కాల్చి చంపుతాడు. శవం రక్తంలో తీగ ముంచితే ఏమీ జరగదు. మనిషే. అలాగైతే నువ్వు హంతకుడివి అని తోటివాడు చైల్డ్స్ అన్న చిన్న మాట తర్వాత, సినిమా ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తదు. క్లార్క్ చేసిన నేరమల్లా ఆ కుక్కను ప్రేమగా దగ్గరికి తీసుకోవడం, అందరికంటే ఎక్కువసేపు దానితో ఉండడం. ఆ ఒక్క ఆధారంతో తోటివాళ్ళు అతన్ని అనుమానించారు, నేనూ అనుమానించాను, నా జ్ఞాపకంలో తీర్పు కూడా రాసేశాను. దర్శకుడు నా దగ్గర్నుంచి కోరిన తప్పు అదే. అది నేను చేశాను. చేసినట్టు తెలుసుకోవడానికి మాత్రం రెండోసారి చూడాల్సి వచ్చింది.

అక్కడి నుంచి సినిమా అంతా వేరేగా కనిపించింది. మొదట్లో ఆ కుక్క నడవా వెంట మెల్లగా నడుచుకుంటూ ఒక గదిలోకి తొంగి చూస్తుంది. గోడ మీద ఎవరిదో నీడ తల తిప్పుతుంది. ఆ నీడ ఎవరిదో సినిమా చివరి దాకా చెప్పదు. జెడ్ అనే ఆ కుక్క నటన గురించి వేరే వ్యాసం రాయవచ్చు. కుక్కలా తోకాడించదు, దేనికీ తుళ్ళిపడదు, ఆలోచిస్తున్నట్టు నిలబడుతుంది. గ్యారీ అధికారం వదులుకున్నప్పుడు నోరిస్‌ను తీసుకోమంటారు. నా వల్ల కాదంటాడు నోరిస్. మొదటిసారి అది గుండెజబ్బు మనిషి వినయంలా వినిపిస్తుంది. రెండోసారి వింటే, అప్పటికే అతను అతనేనా అన్న ప్రశ్న పుడుతుంది. పాకిపోతున్న నోరిస్ తలను చూసి బూతుమాటతో నివ్వెరపోయేది పామర్ అనే ఇంకొకడు. దాన్ని అందరికీ పట్టించింది అతనే. కొద్దిసేపటికి రక్తపరీక్షలో ఎగిరిపడేది ఆ పామర్ రక్తమే. అంటే ఆ ప్రాణిలో ఒక ముక్క తన ముక్కనే పట్టించి తాను బతకాలని చూసింది. ఇంత భయంకరమైన ఆలోచనను ఒక్క మాట వివరణ లేకుండా పెట్టేశారు. మొదటి చూపులో అది నవ్వు తెప్పించే మాట మాత్రమే.

ఒకనాడు చీదరించుకున్న సినిమాకు తర్వాత ఆదరణ ఎందుకొచ్చిందంటే, నాకు తోచిన కారణం ఇదే. ఇది రెండోసారి చూడడానికి తీసిన సినిమా. మొదటిసారి చూసినప్పుడు జుగుప్స కళ్ళ ముందు నిలబడిపోతుంది, దాని వెనక ఉన్నవాళ్ళ ముఖాలు కనబడవు. రెండోసారికి ఆ కండల ముద్ద ఎప్పుడు వస్తుందో తెలుసు కాబట్టి చూపు ముఖాల మీదికి పోతుంది. 1982 వేసవిలో టికెట్ కొన్నవాడికి ఒక్కసారే ఆ అవకాశం. మర్నాటి పేపరుకు రాయాల్సిన విమర్శకుడికీ అంతే. వీడియో క్యాసెట్ వచ్చాక మనిషి ఇంట్లో కూర్చుని టేపు వెనక్కి తిప్పగలిగాడు. ఎవరు ఎప్పుడు మారి ఉంటారు, ఆ నీడ ఎవరిది అని వాదించుకోగలిగాడు. ఈ సినిమా గౌరవం కాలం పోగు చేసింది కాదు, వెనక్కి తిప్పే బొత్తాం పోగు చేసింది.

అందుకే ఆనాటి విమర్శకులు గుడ్డివాళ్ళని నేను రాసింది కూడా తప్పే. వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. పాత్రల లోతు తెలియదన్నారు, నిజం. ఎవరికీ పెళ్ళాం బిడ్డల కథ లేదు, ఇంటి మీద బెంగ లేదు. కానీ ఎవరినైనా లోతుగా తెలిసేలా చూపిస్తే ప్రేక్షకుడికి నమ్మడానికి ఒక మనిషి దొరికిపోతాడు. అలా ఎవరూ దొరకకూడదనే ఈ కథ. దిగులు పుట్టిస్తుందన్నారు, అదీ నిజం. ఆఖర్న కేంద్రం తగలబడిపోయాక మక్‌రెడీ, చైల్డ్స్ ఇద్దరే మిగులుతారు. ఒక్క సీసా విస్కీ చేతులు మారుతుంది. ఇద్దరిలో ఒకడు ఆ ప్రాణి కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు, మంట ఆరితే ఇద్దరూ చలికి చస్తారు. స్టూడియోవాళ్ళు ఈ ముగింపు మీద చాలా గింజుకున్నారు. కార్పెంటర్ మార్చలేదు. క్యాన్బీ లాంటివాళ్ళు లోపాలని ఎత్తి చూపినవి ఈ సినిమా ఎముకలు. ఎముకలు గట్టిగా ఉన్నాయన్నది తప్పు కాదు, అది రోగం అనుకోవడమే తప్పు. వాళ్ళు చూసి పొరబడ్డారు. నేను చూడకుండా పొరబడ్డాను. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే హక్కు నాకు లేదు.

ఎయిడ్స్ అన్న పేరు కూడా ఈ సినిమా విడుదలైన ఏడాదే, సెప్టెంబరులో, అమెరికా ప్రజారోగ్య పత్రాల్లోకి వచ్చింది. తర్వాతి ఏళ్ళలో రక్తంలో ఏముందో పైకి కనబడదన్న భయం దేశాన్ని పట్టుకున్నాక ఆ గాజు గిన్నెల సన్నివేశం జనానికి వేరేగా కనిపించడం మొదలైందని చాలామంది రాశారు. అది కాదనను. మొన్నటి కరోనా రోజుల్లో, గుమ్మంలో నిలబడ్డ సొంత తమ్ముణ్ణి లోపలికి రమ్మనడానికి తడుముకున్న నాకు అది ఇంకా బాగా తెలిసింది. సినిమాలో బ్లెయిర్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్ మీద లెక్క వేసి, ఈ ప్రాణి జనావాసాలకు చేరితే 27,000 గంటల్లో లోకమంతా అంటుకుంటుందని తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా రేడియోనూ హెలికాప్టర్‌నూ గొడ్డలితో ధ్వంసం చేస్తాడు. ఇదివరకు అతన్ని పిచ్చివాడనుకున్నాను. ఇప్పుడు, ఆ కేంద్రంలో అందరికంటే తెలివిగా ఆలోచించినవాడు అతనే అనిపిస్తుంది.

దక్షిణ ధ్రువం దగ్గరున్న అమండ్‌సెన్-స్కాట్ కేంద్రంలో, ఫిబ్రవరిలో ఆఖరి విమానం వెళ్ళిపోయాక, చలికాలమంతా అక్కడే చిక్కుకుని ఉండబోయేవాళ్ళు కూడి ఈ సినిమా చూడడం ఆనవాయితీ. నెలల తరబడి తప్పించుకునే దారి లేకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సినవాళ్ళు, ఆ కాలం మొదట్లోనే దీన్ని పెట్టుకుని చూస్తారు. ఏ అవార్డు కంటే నాకు అదే ఎక్కువ గౌరవంగా కనిపిస్తుంది.

ఉత్తరం రాసిన అమ్మాయికి జవాబు రాశాను, పత్రికలో సవరణ వేయించాను. ఫిల్మ్ సొసైటీ కుర్రాడికి చెప్పాల్సింది మిగిలిపోయింది. బాబూ, ఆ రోజు నువ్వు అడిగినదానికి జవాబు: చూడలేదు. చూడకుండానే నీకు అడ్డం పడ్డాను. ఇది నీ కంటపడితే నన్ను క్షమించు. చదువుతున్న మీకు నా విన్నపం ఒక్కటే. నేను తిట్టింది నమ్మొద్దు, నేను పొగిడింది కూడా నమ్మొద్దు. 'ది థింగ్' ఒకసారి చూసి అసహ్యించుకున్నవాళ్ళు ఇంకొక్కసారి చూడండి, ఈసారి క్లార్క్‌ను చూడండి.